వెండి పేటికలో ఉన్నది, పేటిక చుట్టూ ఉన్నది: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పాత గోవా చర్చిల గురించి వచ్చిన ఒక ప్రశ్నకు నాలుగే నాలుగు వాక్యాల్లో జవాబు చెప్పి ఊరుకున్నాను. ఆ పిసినారితనానికి చెన్నై పాఠకులు ఉత్తరాలతోనే శాస్తి చేశారు. వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒక్క చోటి చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి, మిగతా ప్రశ్నలను పై నెలకు వాయిదా వేసి, పాత గోవాలోని బోం జెసూ బసిలికాలో, 16వ శతాబ్దపు మతప్రచారకుడు పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ జేవియర్ దేహం ఉన్న చాపెల్‌కే ఈసారి చోటంతా ఇస్తున్నాను. ఉత్తరాలను కుదించాను. పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాను.

*ప్రశ్న: 2024 డిసెంబరులో గోవాలో పునీత ఫ్రాన్సిస్ జేవియర్ దేహాన్ని ప్రజల దర్శనానికి ఉంచినప్పుడు కుటుంబంతో సహా చెన్నై నుంచి వెళ్ళాం. తీసుకువెళ్ళిన ట్రావెల్స్ వారు దగ్గరగా, తీరిగ్గా చూడవచ్చని చెప్పారు. తీరా గాజు పెట్టె ముందు నిమిషం కూడా నిలబడనివ్వలేదు. మొన్న వేసవిలో మళ్ళీ వెళ్ళి చాపెల్ చూశాం. పేటిక ఎక్కడో ఎత్తున ఉంది, లోపల ఏముందో తెలియలేదు. రెండుసార్లు ఖర్చు పెట్టి మేము చూసింది ఏమిటి?*
*– పెరంబూరు*

జవాబు: ట్రావెల్స్ వారి మీది కోపానికి నా దగ్గర మందు లేదు. చాపెల్ మీది కోపానికి మాత్రం కొంత ఉంది.

మన పెద్ద గుళ్ళలో మూలవిరాట్టు ఉన్న గర్భగుడి కాక అమ్మవారికీ, సుబ్రహ్మణ్యస్వామికీ విడివిడిగా ఉపాలయాలు ఉన్నట్టే, పెద్ద చర్చిలో ప్రధాన పీఠం కాక ఒక పునీతుడికో, మరియమాతకో ప్రత్యేకంగా కేటాయించిన చోటును చాపెల్ అంటారు. బోం జెసూ చర్చికి 1594లో పునాది వేసి 1605లో ప్రతిష్ఠ చేశారు. దాని దక్షిణ భాగంలో ఉన్న ఉపాలయమే మీరు చూసిన చాపెల్. అది పూర్తిగా బరోక్ కాలపు, అంటే యూరపులో 17వ శతాబ్దం చుట్టుపక్కల నడిచిన అట్టహాసపు కళాశైలి కాలపు, ఆలోచనతో రూపుదిద్దుకున్నది. బరోక్ అనే మాట సొట్టలు పడిన ముత్యానికి పోర్చుగీసు వారు వాడిన పేరు నుంచి వచ్చిందని చెబుతారు. జేవియర్ 1542లో గోవాలో దిగిన కొద్ది నెలలకే తూత్తుకుడి వైపు ముత్యాలు తీసే పల్లెకారుల మధ్యకు వెళ్ళి పనిచేశాడు కాబట్టి, ఆయన సమాధి ఉన్న గదికి ముత్యం పేరున్న శైలి అమరడం నాకు ఎప్పుడూ సరదాగానే తోస్తుంది.

ఇక అసలు విషయం. 16వ శతాబ్దంలో ప్రొటెస్టంటు సంస్కర్తలు పునీతుల ఎముకలనూ, బొమ్మలనూ గౌరవించడం తప్పని వాదించినప్పుడు, కతోలిక సభ ట్రెంట్ నగరంలో జరిపిన మహాసభలో, 1563 డిసెంబరులో, ఆ గౌరవం సరైనదేనని తీర్మానించింది. బొమ్మల ద్వారా ప్రజలకు విశ్వాస సత్యాలు నేర్పవలసిన బాధ్యతను బిషప్పుల మీద పెట్టి, అవశేషాల చుట్టూ పేరుకున్న మూఢాచారాన్నీ డబ్బు సంపాదననూ తొలగించమని కూడా అదే తీర్మానం చెప్పింది. తరువాతి నూటయాభై ఏళ్ళ చిత్రకారులూ శిల్పులూ ఆ మాటను తమకు ఇచ్చిన ఉత్తరువుగా తీసుకున్నారు. పేటికలో ఉన్నది ఎండిన దేహం. దాన్ని ఎంత దగ్గర నుంచి చూసినా ఆ మనిషి ఎక్కడ పుట్టాడో, ఎవరి కోసం తిరిగాడో, ఎలా చనిపోయాడో అది చెప్పదు. ఆ పని పేటిక చుట్టూ ఉన్న వెండి, కంచు, పాలరాయి, చెక్క చేయాలి. మూసి ఉన్నదాన్ని చూడనివ్వకుండానే చూసినంత పని చేయించడం బరోక్ చాపెల్‌లో కళకు అప్పగించిన బాధ్యత, మీరు తల ఎత్తి నిలబడిన ఆ పది నిమిషాలూ అది మీ ముందు ఆ పనిలోనే ఉంది.

కింది నుంచి పైకి చూడాలి. పాలరాతి సమాధి పీఠం గోవాలో తయారైనది కాదు, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో తయారై ఓడ మీద వచ్చింది. జేవియర్ తల కింద ఉండిన దిండును జెస్విట్లు (జేవియర్ చెందిన సన్యాసుల సభవారు) టస్కనీ ప్రభువు మూడవ కాసిమోకు కానుకగా ఇచ్చారనీ, అందుకు బదులుగా ఆయన ఈ పీఠాన్ని చేయించి పంపాడనీ చెబుతారు. శిల్పి జొవాన్ని బత్తిస్తా ఫొగ్గీని. ఈయనను కాసిమోయే యువకుడిగా ఉన్నప్పుడు రోముకు పంపి శిల్పం నేర్పించాడు. రోములో ఫొగ్గీనికి గురువైన ఎర్కోలె ఫెర్రాతా, బరోక్ శిల్పానికి మేటి అయిన బెర్నీని దగ్గర పనిచేసినవాడు. కాబట్టి రోము నగరపు బరోక్ ఒకే ఒక్క అంచె దాటి గోవా వరకు వచ్చిందన్నమాట. పీఠం పని పదేళ్ళు పట్టింది. విడివిడి భాగాలుగా లిస్బన్ మీదుగా ప్రయాణించి 1698లో గోవా చేరింది. వాటిని తిరిగి అమర్చడానికి ప్లాచిదో రంపోనీ అనే పనివాడు మరొక సహచరుడితో కలిసి వెంట వచ్చాడు, ఆ ప్రయాణాన్ని దినచర్యగా రాసిపెట్టాడు కూడా. లారీలో ఫ్రిజ్జు దించుకోవడానికే మనం పడే తంటాలు తలుచుకుంటే, ఆఫ్రికా కొసను చుట్టి వచ్చిన ఆ రాళ్ళ మీద గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

రంగురంగుల రాళ్ళను ఒకదాని పక్కన ఒకటి సందు కనబడకుండా పొదగడం ఫ్లోరెన్స్ ప్రత్యేకత. మెడిచీ ప్రభువులు 1588లోనే ఆ పనికి ఒక కార్ఖానా పెట్టించారు. ఆ పొదుగుడు నేర్పు ఈ పీఠంలో కనిపిస్తుంది. నడిమి భాగంలో నాలుగు వైపులా నాలుగు కంచు ఫలకాలు ఉన్నాయి. జేవియర్ బోధించడం, జ్ఞానస్నానం ఇవ్వడం, తన మీద దాడికి వచ్చినవారి నుంచి తప్పించుకోవడం, చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో 1552 డిసెంబరు 3న చనిపోవడం వాటిలోని ఘట్టాలు. ఒక చోట నిలబడితే నాలుగూ కనబడవు, మీరు చూడలేకపోయారంటే తప్పు మీది కాదు. నా మట్టుకు మరణ ఫలకమే గొప్పది. వెళ్ళాలనుకున్న చైనా ఎదురుగా ఉండగా, అక్కడికి చేరలేక ఒక పాకలో ప్రాణం విడిచిన మనిషి కథ అది. ఆ ఓటమిని దాచకుండా సమాధి మీదే పోతపోయించడంలో చేయించినవారి ధైర్యం తెలుస్తుంది.

పైన ఉన్న వెండి పేటిక మాత్రం ఇక్కడి పని. పీఠం కంటే పేటికే అరవై ఏళ్ళు పెద్దది. 1636-37 నాటిది, గోవా కంసాలులు చేసినది. దాని వెనుక ఒక విచిత్రమైన కథ ఉంది. మార్చెల్లో మస్త్రిల్లి అనే నేపుల్స్ జెస్విట్ తలపై సుత్తి పడి చావుబతుకుల్లో ఉండగా, జేవియర్ కనిపించి తనను బాగుచేశాడని 1634లో ప్రకటించాడు. ఆ మొక్కు తీర్చుకోవడానికి, అప్పట్లో క్రైస్తవులను వేటాడుతున్న జపానుకు బయలుదేరి, దారిలో గోవాలో ఆగినప్పుడు ఈ పేటికను చేయించాడు. 1637 అక్టోబరులో నాగసాకిలో ఆయనను చంపారు. పేటిక చుట్టూ ముప్పైకి పైబడిన వెండి రేకుల మీద జేవియర్ జీవిత ఘట్టాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. కథలూ, వాటి కూర్పూ యూరపువి, సుత్తి దెబ్బ మాత్రం కొంకణం వారిది. కింద నుంచి చూసేవారికి ఆ రేకులు మెరుపుగానే తప్ప బొమ్మలుగా తెలియవని ఒప్పుకుంటాను. ఈసారి వెళితే చిన్న బైనాక్యులర్ వెంట తీసుకువెళ్ళండి. చర్చి లోపల అది అమర్యాద ఏమీ కాదు, పూజ జరుగుతున్నప్పుడు మాత్రం బయటికి తీయకండి.

*ప్రశ్న: జేవియర్ దేహం చెడిపోలేదంటారు. అలాంటప్పుడు కుడి చేయి లేదని, ఒక కాలి వేలిని భక్తురాలు కొరికి తీసుకుపోయిందని మా పక్కింటావిడ చెబుతోంది. ఇందులో ఏది నిజం?*
*– సైదాపేట*

జవాబు: చేయి సంగతి నిజం. జేవియర్‌ను మొదట సున్నం వేసి పూడ్చిపెట్టారు. కొన్ని నెలల తరువాత తవ్వి చూస్తే దేహం చెడకుండా ఉండడంతో 1553లో మలక్కాకు, 1554లో గోవాకు తెచ్చారు. 1614లో జెస్విట్ సభ అధిపతి క్లాదియో అక్వావీవా ఆజ్ఞ ప్రకారం కుడి చేతిని తీసి, ముంజేతిని రోముకు పంపారు. అక్కడి జెసూ చర్చిలో, పియెత్రో ద కొర్తోనా రూపకల్పన చేసిన బరోక్ పీఠం మీద, బంగారు పూత పేటికలో అది ఇప్పటికీ ఉంది. దానిపైన కార్లో మరాత్తా చిత్రించిన జేవియర్ మరణ దృశ్యం ఉంది. అంటే గోవాలో కంచులో పోసిన ఘట్టమే రోములో రంగుల్లో ఉంది. చేతి పైభాగపు ఎముక ఒకటి మకావులో ఉంది. అన్ని వేలమందికి జ్ఞానస్నానం ఇచ్చిన చేయి అని కుడి చేతికి అంత ప్రాధాన్యం. 2018లో ఆ ముంజేతిని కెనడా అంతా తిప్పినప్పుడు విమానంలో దానికి విడిగా సీటు తీసుకున్నారు.

వేలు కొరికిన కథ 1554 నాటిదిగా చెబుతారు, ఒక పోర్చుగీసు స్త్రీ పేరు మీద నడుస్తోంది. దాన్ని సంప్రదాయంగా చెప్పుకునే కథగానే తీసుకోవాలి. నమ్మినా నమ్మకపోయినా, గాజు పెట్టె ఎందుకు అవసరమైందో మాత్రం అది బాగా చెబుతుంది.

చెడిపోలేదన్న మాటకు వస్తే, మొదటి రోజుల్లో చూసినవారు రాసినట్టుగా దేహం ఇప్పుడు లేదు. నాలుగున్నర శతాబ్దాల్లో అది బాగా ఎండి, కుదించుకుపోయింది. దేహం చెడకుండా ఉండడం ఒక్కటే పునీతత్వానికి రుజువని కతోలిక సభ చెప్పదు, దాన్ని నమ్మి తీరాలని కూడా అనదు. జేవియర్‌ను 1622 మార్చి 12న జెస్విట్ సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్, అవిలా తెరేసా మొదలైనవారితో కలిపి పునీతుడిగా ప్రకటించారు. అందరికీ చూపించడమనే ఆనవాయితీ చాలా తరువాత, 1782లో మొదలైంది. 1759లో పోర్చుగీసు ప్రభుత్వం జెస్విట్లను వెళ్ళగొట్టినప్పుడు వాళ్ళు దేహాన్ని కూడా ఎత్తుకుపోయారన్న పుకారు పుట్టింది, దాన్ని అణచడానికి పేటిక తెరిచి చూపవలసివచ్చింది. పదేళ్ళకొకసారి చూపడం ఇటీవలి కాలపు పద్ధతి.

*ప్రశ్న: అరవై రోజుల్లో ఎగ్జిబిషన్ పని ఇవ్వాలి. నేను బంగారు పూత చెక్కపనిని అంశంగా తీసుకున్నాను. ఆ చాపెల్‌లో గోడల వెంట, ప్రధాన పీఠం మీద కనిపించేది రేకు బంగారమా, రంగా? దాన్ని ఎలా చేసేవారు?*
*– ఎగ్మూరు, చిత్రకళ విద్యార్థిని*

జవాబు: బంగారమే, కానీ కాగితం కంటే ఎన్నో రెట్లు పలుచని రేకు. చెక్కిన కలప మీద ముందుగా జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురులో సుద్ద కలిపి పూతలు పూతలుగా వేస్తారు. అది ఆరాక నునుపు చేసి, దాని మీద మెత్తని ఎర్రమట్టి పూస్తారు. ఆ ఎరుపు వల్లే బంగారానికి వెచ్చదనం వస్తుంది, రేకు అరిగిన చోట కూడా అసహ్యంగా తెల్లబడకుండా ఎర్రగా మెరుస్తుంది. తడిపిన మట్టి మీద రేకు పరిచి, ఆరీ ఆరకముందు అకీకు రాయితో రుద్దితే అద్దంలా మెరుగు తేలుతుంది. మెరుగు పెట్టిన చోటూ పెట్టని చోటూ పక్కపక్కన వచ్చేలా చేయడం నేర్పు అంతా. కొవ్వొత్తి వెలుగు అటూ ఇటూ ఊగినప్పుడు ఆ తేడా వల్లే దేవదూతల రెక్కలు కదిలినట్టు అనిపిస్తుంది. విద్యుద్దీపాల కింద ఆ కదలిక సగం పోయింది.

మీకు ఇది పూర్తిగా కొత్త పద్ధతి కాకూడదు. తంజావూరు చిత్రాల్లో సుద్ద, జిగురు కలిపి ఉబ్బెత్తుగా చేసి బంగారు రేకు అంటించే పని దీనికి దగ్గర చుట్టం, ఆ చిత్రాలను తరతరాలుగా వేసినవారిలో తెలుగు మాట్లాడే రాజు కులస్థుల కుటుంబాలు ముఖ్యమైనవి. ఎగ్జిబిషన్‌లో ఆ రెండిటినీ ఒకే బల్ల మీద పెట్టగలిగితే చూసేవారికి ఉపన్యాసం అవసరం ఉండదు.

బోం జెసూ ప్రధాన పీఠం దగ్గర మెలికలు తిరిగిన స్తంభాలను గమనించండి. 1633లో పూర్తయిన బెర్నీని మహా మంటపం రోములోని పునీత పేతురు బసిలికాలో నిలిచాక, అలాంటి స్తంభం కతోలిక ప్రపంచమంతా ఫ్యాషన్ అయింది. పీఠం మధ్యలో బాలయేసు బొమ్మ చిన్నది. చర్చి పేరు ఆయనదే అయినా, కన్ను పడేది మాత్రం పైకి చూస్తూ నిలబడిన ఇగ్నేషియస్ నిలువెత్తు విగ్రహం మీద. ఆయన చూపు వెంట మన చూపూ పోతుంది. ఆయన చూసేది యేసు నామాక్షరాలున్న సూర్యమండలాన్ని, దాని పైన తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ అనే త్రిత్వాన్ని. ఒక బొమ్మ చూపుతో చూసేవాడి మెడను తిప్పడం బరోక్ వారికి బాగా వచ్చిన విద్య. చాపెల్ లోపలి చెక్కపనినీ, జేవియర్ జీవితాన్ని చిత్రించిన పటాలనూ కూడా ఇదే దృష్టితో చూడండి.

వీటికి శత్రువులు చెదలు, తేమ. కొంకణపు వానల్లో కలప ఉబ్బి, వేసవిలో బిగుసుకుంటుంటే సుద్ద పూత పగిలి, రేకు పొలుసులుగా లేస్తుంది. దానికి తోడు 1950ల్లో ఒక పోర్చుగీసు వాస్తుశిల్పి, చర్చి పాతగా కనబడితే అందమని తలచి, బయటి గోడల మీది సున్నపు గారను తీయించేశాడు. లేటరైటు రాయి, మన వాళ్ళ మాటలో చెప్పాలంటే తుప్పు రంగు చిల్లుల రాయి, వాననీటిని స్పంజిలా పీలుస్తుంది. గార దానికి చొక్కాలాంటిది. ఈరోజు ఫొటోల్లో అందరూ మెచ్చుకునే ఆ ఎర్రటి ముఖభాగం కట్టినవారు ఉద్దేశించిన రూపం కాదు. గార తిరిగి వేయాలన్న వాదనకే నా ఓటు, ఫొటోల అందం కోసం లోపలి బంగారాన్ని పణంగా పెట్టడం తెలివైన బేరం కాదు.

*ప్రశ్న: ఒక పునీతురాలి ఎముక తునక ఉన్న లాకెట్టు, ఎర్ర లక్క ముద్ర, లాటిన్ సర్టిఫికెట్టుతో సహా అమ్ముతామని ఒక వెబ్‌సైటులో చూశాను. అమ్మగారి పుట్టినరోజుకు కొని ఇద్దామని ఆశ. నమ్మవచ్చా?*
*– మొగప్పేరు*

జవాబు: కొనకండి. అది అసలైనదైతే అమ్మడమే తప్పు, నకిలీదైతే మీ డబ్బు వృథా. పవిత్ర అవశేషాలను అమ్మడం కతోలిక చట్టంలో 1190వ సూత్రం పూర్తిగా నిషేధించింది. అవశేషాల విషయమై 2017 డిసెంబరులో వాటికన్ విడుదల చేసిన ఆదేశాలు కూడా వ్యాపారాన్నీ, అనుమతి లేని చోట్ల ప్రదర్శననూ తప్పుపట్టాయి. లక్క ముద్ర, దారం, లాటిన్ పత్రం నిజమైన అవశేషాలకు ఉండే మాట వాస్తవమే. పేటిక తెరిచి లోపలిది మార్చలేదని ముద్రా, ఫలానా బిషప్పు దీన్ని గుర్తించాడని పత్రమూ చెబుతాయి. కానీ ఆ ముద్రలనూ పత్రాలనూ దొంగగా తయారుచేయడం ఎముకను సంపాదించడం కంటే తేలిక.

అవశేషాలను మూడు తరగతులుగా చెప్పడం వాడుక. దేహభాగాలు మొదటిది, పునీతులు వాడిన వస్తువులు రెండవది, అవశేషానికి తాకించిన గుడ్డ మొదలైనవి మూడవది. 2017 ఆదేశాల్లో మాత్రం ముఖ్యమైనవి, కానివి అని రెండే విభాగాలు; దేహం, దేహంలోని పెద్ద భాగాలు మొదటి కోవలోకి వస్తాయి, వాటిని రోము అనుమతి లేకుండా శాశ్వతంగా మరొక చోటికి తరలించకూడదు. అమ్మగారికి ఏదో ఒకటి ఇవ్వాలని ఉంటే, పునీతుల సమాధులకు తాకించిన గుడ్డ తునకను తెచ్చి ఇవ్వడం భక్తుల్లో పాత ఆచారం. దానికి ధర ఉండదు, ప్రయాణం మాత్రం ఉంటుంది.

*ప్రశ్న: బుద్ధుడి ధాతువులకూ పునీతుల అవశేషాలకూ ఏమైనా పోలిక ఉందా? గౌరవించడం, ఆరాధించడం ఒకటేనా?*
*– ట్రిప్లికేన్*

జవాబు: కతోలికుల లెక్కలో ఆరాధన దేవుడికే. పునీతులకు గౌరవం, వారి అవశేషాలకు వారి మూలంగా గౌరవం. బలిపీఠాలకూ అవశేషాలకూ సంబంధం చాలా పాతది. 787లో జరిగిన రెండవ నికేయా మహాసభ అవశేషాలు లేకుండా చర్చిలను ప్రతిష్ఠించరాదని నిర్ణయించింది, స్థిరపీఠం కింద అవశేషాలు ఉంచే ఆనవాయితీని ఇప్పటి చట్టం కూడా నిలుపుకోమంటుంది.

పోలిక విషయంలో మీ ఊహ నాకు నచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్థూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు, బ్రాహ్మీ లిపిలో రాతలున్న మూడు రాతి కరండాలు, అంటే పేటికలు, దొరికాయి. వాటి లోపల స్ఫటికపు చిన్న పాత్రలు, బంగారు పువ్వులు, ముత్యాలు ఉన్నాయి. అతి చిన్నదాని చుట్టూ అతి విలువైనది, దాని చుట్టూ గట్టిది, దాని చుట్టూ అందరికీ కనిపించే కథ: ఈ వరస భట్టిప్రోలులోనూ, గోవాలోనూ ఒకటే. అమరావతి స్థూపం చుట్టూ ప్రదక్షిణ చేసేవాడు ధాతువును చూడడు, పలకల మీద బుద్ధుడి కథను చదువుకుంటూ నడుస్తాడు. మీరు ఆ పలకలను చూడడానికి అమరావతి దాకా వెళ్ళనక్కరలేదు, వాటిలో చాలా భాగం ఎగ్మూరు మ్యూజియంలోనే ఉన్నాయి. తేడా కూడా ఉంది. స్థూపంలో పెట్టినది మామూలుగా మళ్ళీ తెరిచేందుకు కాదు. జేవియర్ పేటిక మాత్రం తాళాలు వేసి తీసేందుకు చేసినది.

*ప్రశ్న: గోవా దాకా వెళ్ళలేని మాకు చెన్నైలో ఏముంది? శాంతోం చర్చి బరోక్ కట్టడమేనా?*
*– మైలాపూరు*

జవాబు: శాంతోం బరోక్ కాదు. పోర్చుగీసు వారి పాత చర్చి స్థానంలో 1890ల్లో, ఇంగ్లీషు వారి హయాంలో, గోథిక్ పద్ధతిని అనుకరిస్తూ కట్టినది. దాని విలువ సమాధిలో ఉంది. అపొస్తలుడైన తోమాను ఇక్కడే పూడ్చారని సంప్రదాయం. ఆయన అవశేషాలు తొలి శతాబ్దాల్లోనే ఎదెస్సాకు, అక్కడి నుంచి కియోస్ దీవికి, 1258లో ఇటలీలోని ఒర్తోనాకు చేరాయని చెబుతారు, ఇక్కడ ఒక చిన్న ఎముక తునక, ఒక బల్లెపు మొన మిగిలాయి. మన ఊరికీ గోవా చాపెల్‌కూ నేరుగా ఉన్న ముడి కూడా ఇక్కడే ఉంది: 1545లో జేవియర్ సుమారు నాలుగు నెలలు శాంతోంలో ఉండి, తోమా సమాధి దగ్గర ప్రార్థనలో గడిపి, అక్కడి నుంచే తూర్పు దీవులకు పోవాలని నిశ్చయించుకున్నాడు.

మీకు నడక దూరంలో ఉన్న లజ్ చర్చిని వదలకండి. శాసనం ప్రకారం 1516 నాటిది. ఊరికి దూరంగా పొదల మధ్య ఉండేది కాబట్టి తమిళులు దాన్ని కాట్టు కోయిల్ అంటారు. చిన్నదే అయినా బరోక్ ఛాయ నగరంలో బాగా తెలిసేది దాని లోపలే. ఇక పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ మీద 1523లో కట్టిన చర్చిలో, 1547లో పునాదుల్లో దొరికిన పహ్లవీ (పాత పర్షియా భాష) శాసనమున్న రాతి శిలువ పీఠం వెనుక అమర్చి ఉంది. 1558 డిసెంబరు 18న బలిపూజ జరుగుతుండగా దానికి చెమట పట్టిందనీ, రక్తం కారిందనీ చెప్పుకుంటారు, ఆ తేదీనే అక్కడ పండుగ. సువార్తికుడు లూకా వేశాడని సంప్రదాయం చెప్పే మరియమాత పటం కూడా అక్కడే ఉంది. కొండ మెట్లు ఆర్మీనియను వర్తకుడు పెత్రుస్ ఉస్కాన్ 18వ శతాబ్దంలో కట్టించినవి. ఉదయం ఎండ ముదరకముందే ఎక్కండి, మోకాళ్ళ నొప్పులుంటే పైదాకా రోడ్డు కూడా ఉంది.

*ప్రశ్న: మా తాతగారి పేరు బాలశౌరి. ఇది కృష్ణుడి పేరని బడిలో పంతులుగారు, జేవియర్ పేరని చర్చిలో స్వామివారు చెప్పేవారట. తాతగారు పుట్టింది డిసెంబరు 3న. ఎవరి మాట సరైనది?*
*– ఆవడి*

జవాబు: ఇద్దరిదీ. సంస్కృతంలో శౌరి కృష్ణుడి పేరే. పోర్చుగీసులో జేవియర్ పేరు మొదటి అక్షరం ష లాగా పలుకుతుంది, తమిళంలో అది సవేరియార్, సవరి అయింది, తెలుగు కతోలికుల నోట శౌరి, శౌరయ్య, శౌరమ్మ, శౌరిరెడ్డి అయింది. ఇగ్నేషియస్ ఇన్నాసి, ఇన్నయ్య అయినట్టే ఇది కూడా. వాడుకలో ముందే ఉన్న మాట ఒకటి చెవికి దగ్గరగా దొరకడంతో బయటి పేరు ఇంట్లో పేరైపోయింది. డిసెంబరు 3 జేవియర్ చనిపోయిన తేదీ, ఆయన పండుగ కూడా ఆనాడే. పండుగనాడు పుట్టిన బిడ్డకు ఆ పునీతుడి పేరు పెట్టడం ఆనవాయితీ కాబట్టి, మీ ఇంటి వరకు స్వామివారి మాటే చెల్లుతుంది.